వర్గమూలంలో రెట్టింపు ఎందుకు? వర్గాలు, వర్గమూలాలు బొమ్మతో నేర్చుకుందాం

భాగహార పద్ధతిలో వర్గమూలం కనుక్కోవడం వచ్చిన పిల్లల్ని ఒక ప్రశ్న అడిగి చూడండి: "పైన వచ్చిన అంకెను రెట్టింపు చేసి ఎడమవైపు ఎందుకు రాస్తున్నావు?" లెక్కను తప్పు లేకుండా చేసేవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతారు. నేనూ చాలా ఏళ్లు ఆగిపోయాను. చిన్నప్పుడు అడిగితే "అది రూలు, అలాగే చేయాలి" అనే జవాబే దొరికింది. పరీక్షలో మార్కులు వచ్చాయి. రెండు నెలలు తిరిగేసరికి పద్ధతి మొత్తం మర్చిపోయాను.

ఆ రెట్టింపు వెనక ఒక చిన్న బొమ్మ ఉంది. అది ఒకసారి కళ్లకు కడితే పద్ధతిని బట్టీ పట్టాల్సిన పని ఉండదు, మర్చిపోయినా మళ్లీ మనమే తయారు చేసుకోవచ్చు. ఇక్కడ వర్గాలూ వర్గమూలాలూ రెండింటినీ ఆ బొమ్మతోనే చేద్దాం. పక్కన గళ్ల కాగితం, పెన్సిలు పెట్టుకోండి.

ముందుగా బొమ్మ

గళ్ల కాగితం మీద 7 గళ్ల పొడవు, 7 గళ్ల వెడల్పు ఉన్న చదరం గీయండి. లోపల 49 గళ్లుంటాయి. 7 వర్గం 49 అంటే ఇదే. దీన్ని 7² = 49 అని రాస్తాం. వర్గమూలం అంటే ఇదే ప్రశ్నను అటు నుంచి అడగడం: 49 గళ్లను చదరంగా పేరిస్తే భుజం ఎంత? 7. దీన్ని √49 = 7 అని రాస్తాం.

7² ని 14 అని రాసేవాళ్లు, √64 ని 32 అని రాసేవాళ్లు ఈ బొమ్మను చూడనివాళ్లే. 14 అంటే రెండు భుజాల పొడవు కలిపితే వచ్చేది. అది లోపలి గళ్ల సంఖ్య కాదు.

50 గళ్లు ఇచ్చి చదరం పేర్చమంటే 7 × 7 చదరం అయ్యాక ఒక గడి మిగిలిపోతుంది. ఏమీ మిగలకుండా చదరంగా అమరే 1, 4, 9, 16, 25 లాంటి వాటిని పరిపూర్ణ వర్గ సంఖ్యలు అంటారు.

ఇప్పుడు ఆ 7 × 7 చదరాన్ని 8 × 8 చేయండి. కుడి పక్కన 7 గళ్ల పట్టీ ఒకటి, కింద 7 గళ్ల పట్టీ ఒకటి, మూలలో ఒక గడి కావాలి. మొత్తం 7 + 7 + 1 = 15. అంటే 49 + 15 = 64. పట్టీలు రెండు. మనం వెతుకుతున్న రెట్టింపు పుట్టేది ఇక్కడే. దీన్ని మనసులో ఉంచుకోండి.

దీనివల్ల చేతికందే లాభం ఒకటుంది. ఒక సంఖ్య వర్గం తెలిస్తే తర్వాతి సంఖ్య వర్గానికి గుణకారం అక్కర్లేదు, ఆ రెండు సంఖ్యలనూ కలిపితే చాలు. 30² = 900. 31² కావాలంటే 900 + 30 + 31 = 961. అలాగే 1 నుంచి మొదలుపెట్టి బేసి సంఖ్యలను వరుసగా కలుపుతూ పోతే ప్రతి మెట్టులోనూ ఒక వర్గమే వస్తుంది: 1, 1 + 3 = 4, 1 + 3 + 5 = 9, 1 + 3 + 5 + 7 = 16. ప్రతి బేసి సంఖ్యా చదరానికి చుట్టిన ఒక కొత్త పొర అన్నమాట.

కంఠతా పట్టడం గురించి నా అభిప్రాయం చెబుతాను. 1 నుంచి 20 వరకు వర్గాలు నిద్రలో లేపి అడిగినా రావాలి. 11 నుంచి అవి: 121, 144, 169, 196, 225, 256, 289, 324, 361, 400. ఓపిక ఉంటే 25 వరకు: 441, 484, 529, 576, 625. అంతకు మించి బట్టీ పట్టే సమయాన్ని కింద చెప్పే పద్ధతులకు పెడితే ఎక్కువ పనికొస్తుంది.

వర్గం చేయడం: పెద్ద చదరం, రెండు పట్టీలు, మూల

63² కావాలి. 63 భుజంగా ఉన్న చదరాన్ని 60, 3 దగ్గర అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నాలుగు ముక్కలు చేయండి.

పెద్ద చదరం: 60 × 60 = 3600
పట్టీలు రెండు: 60 × 3 = 180, ఇంకో 180
మూల చదరం: 3 × 3 = 9
మొత్తం: 3600 + 360 + 9 = 3969

ఈ పాఠంలో అందరికంటే ఎక్కువమంది చేసే తప్పు 60² + 3² = 3609 అని ఆపేయడం. బీజగణితంలోకి వెళ్లాక కూడా ఈ తప్పు వెంటాడుతూనే ఉంటుంది. ఎవరైనా ఇలా రాస్తే సూత్రం మళ్లీ చెప్పకండి, బొమ్మ గీయించి "ఈ రెండు పట్టీలు ఏమయ్యాయి?" అని అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతో తప్పు వాళ్లకే కనిపిస్తుంది.

సంఖ్య పదుల గుణిజానికి కాస్త తక్కువైతే పెద్ద చదరం నుంచి కోసేయాలి. 47 అంటే 50 − 3. 50 × 50 = 2500 లోంచి 150 గళ్ల పట్టీలు రెండు తీయాలి. కానీ రెండు పట్టీలూ మూల దగ్గర ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి అక్కడి 9 గళ్లను రెండుసార్లు తీసేసినట్టవుతుంది. అందుకే ఆ 9 తిరిగి కలపాలి: 2500 − 300 + 9 = 2209. చివర "ప్లస్ ఎందుకు, మైనస్ కదా" అని వచ్చే సందేహానికి జవాబు ఇదే.

5 తో ముగిసే సంఖ్యలకు అందరికీ తెలిసిన చిట్కా ఉంది. 85² కి 8 ని దాని తర్వాతి 9 తో గుణించి 72 రాసి, పక్కన 25 చేర్చితే 7225. ఇదేమీ మాయ కాదు. 80 × 80 పెద్ద చదరం. పట్టీలు రెండూ 80 × 5, పక్కపక్కన పెడితే 80 × 10. దాన్ని పెద్ద చదరానికి అతికిస్తే 80 × 90 దీర్ఘచతురస్రం, అంటే 7200. మూలలో 5 × 5 = 25 విడిగా మిగిలింది. నాకు ఈ పాఠం మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇది. కాగితం కత్తిరించి అతికించి చూపిస్తే పిల్లలు మరిచిపోరు.

నోటి లెక్కకు ఇంకో దారి. 68² కావాలంటే దగ్గరి పదుల గుణిజం 70, అంటే 2 ఎక్కువ. అటు 2 పెంచి ఇటు 2 తగ్గించండి: 70 × 66 = 4620. పెంచి తగ్గించిన 2 కి వర్గం 4 కలపండి: 4624. అలాగే 97² అంటే 100 × 94 + 9 = 9409.

మూడంకెల సంఖ్యలకు కూడా అదే బొమ్మ. 234 ని 230, 4 గా విడగొడదాం. 23² = 529 కాబట్టి 230² = 52900. పట్టీలు రెండు కలిపి 2 × 230 × 4 = 1840. మూల 16. మొత్తం 54756. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీన్నే వెనక్కి విప్పుతాం.

జవాబు సరిచూసుకోవడానికి: 234 అంకెల మొత్తం 9. 54756 అంకెల మొత్తం 27, మళ్లీ కలిపితే 9. పరిపూర్ణ వర్గ సంఖ్య అంకెలను ఒకే అంకె వచ్చేవరకు కలుపుతూ పోతే 1, 4, 7, 9 లలో ఒకటే వస్తుంది. వేరేది వస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

వర్గమూలానికి ముందు ఒక్క చూపు

లెక్కలోకి దూకకముందు ఇచ్చిన సంఖ్యను ఒకసారి చూడండి. ఒకట్ల స్థానంలో 2, 3, 7, 8 ఉంటే అది పరిపూర్ణ వర్గం కాదు, ఎందుకంటే 0 నుంచి 9 వరకు ఏ అంకె వర్గమూ వీటితో ముగియదు. చివర ఉన్న సున్నాల లెక్క బేసి అయినా కాదు. 1000 కాదు, 25000 కాదు, 2500 అవుతుంది. కానీ ఈ నియమాన్ని తిరగేయకూడదు. 26 చివర 6 ఉంది, అంతమాత్రాన అది పరిపూర్ణ వర్గం కాలేదు.

ఇంకో మాట. (−5) వర్గం కూడా 25 అవుతుంది. అయినా √ గుర్తుకు అర్థం రుణం కాని వర్గమూలమే కాబట్టి √25 = 5.

చిన్న సంఖ్యలకు: అంచనా, కారణాంకాలు

ఇచ్చిన సంఖ్య పరిపూర్ణ వర్గమే అని ముందే తెలిసి, నాలుగంకెల్లో ఉంటే అంచనాతోనే తేలిపోతుంది. √5329 తీసుకుందాం. 70² = 4900, 80² = 6400. మధ్యలో ఉంది కాబట్టి పదుల స్థానంలో 7. ఒకట్ల స్థానంలో 9 ఉంది కాబట్టి మూలం 3 తోనో 7 తోనో ముగుస్తుంది. 73 లేదా 77. ఇక్కడ 5 చిట్కా పనికొస్తుంది: 75² = 5625. మన సంఖ్య అంతకంటే తక్కువ కాబట్టి 73. పరిపూర్ణ వర్గం కాని సంఖ్యకు ఈ పద్ధతి వాడితే తప్పు జవాబు ధైర్యంగా చేతిలో పెడుతుంది, జాగ్రత్త.

ప్రధాన కారణాంకాల పద్ధతిలో సంఖ్యను విడగొట్టి జతలు కట్టాలి. 1764 = 2 × 2 × 3 × 3 × 7 × 7. ప్రతి జత నుంచి ఒకటి బయటికి తీస్తే 2 × 3 × 7 = 42. ఇంతే. అంటే ఈ కారణాంకాలను రెండు సమాన గుంపులుగా పంచాం, ఒక గుంపు ఒక భుజం, రెండోది రెండో భుజం.

ఈ పద్ధతి అసలు బలం వేరే రకం ప్రశ్నలో తెలుస్తుంది. "1008 ని ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది?" 1008 = 2 × 2 × 2 × 2 × 3 × 3 × 7. అన్నీ జత కట్టాయి, 7 ఒంటరిగా మిగిలింది. ఇంకో 7 తెచ్చిస్తే 7056, దాని మూలం 84. ఒంటరి 7 ని భాగించి తీసేస్తే 144, దాని మూలం 12. ఈ ప్రశ్నకు భాగహార పద్ధతి ఏమీ సాయం చేయదు.

భాగహార పద్ధతి, కారణాలతో సహా

ఇప్పుడు అసలు విషయం. √54756.

ముందు కుడి నుంచి రెండేసి అంకెలు జత చేయాలి: 5 | 47 | 56. రెండేసి ఎందుకు? భుజం 10 రెట్లయితే చదరం 100 రెట్లవుతుంది. మూలంలో ఒక్క స్థానం జరిగితే వర్గంలో రెండు స్థానాలు జరుగుతాయి. కాబట్టి ప్రతి జతకూ మూలంలో ఒక అంకె. ఇక్కడ మూడు గుంపులున్నాయి, జవాబు మూడంకెల సంఖ్య. ఎడమ చివర ఒంటరిగా మిగిలిన 5 కూడా ఒక గుంపే.

మొదటి మెట్టు. 5 కి మించని అతిపెద్ద వర్గం 4. పైన 2 రాస్తాం. ఈ 2 స్థానం నూర్లది, అంటే 200. 54756 గళ్లలో 200 × 200 = 40000 గళ్లతో ఒక పెద్ద చదరం పేర్చేశాం. మిగిలింది 14756. కాగితం మీద మాత్రం 5 − 4 = 1 రాసి, పక్కన 47 దించుకుని 147 అని చూస్తాం.

రెండో మెట్టు. మిగిలిన గళ్లతో ఆ చదరాన్ని పెంచాలి. ఎలా పెంచుతాం? కుడి పక్కన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, మూలలో ఒక చదరం. పట్టీలు రెండు, ఒక్కోదాని పొడవు 200. రెండూ కలిపి 400. రెట్టింపు చేసేది ఇందుకే. పద్ధతిలో 2 ని రెట్టింపు చేసి 4 రాసి, పక్కన ఖాళీ వదులుతాం: 4_. ఆ ఖాళీలో పడే అంకె పట్టీ వెడల్పు. అదే అంకెను మళ్లీ ఖాళీలో రాయడం మూల చదరం కోసం. ఆ అంకెతోనే మొత్తాన్ని గుణిస్తే రెండు పట్టీలూ, మూలా ఒకేసారి లెక్కలోకి వచ్చేస్తాయి.

44 × 4 = 176, ఎక్కువైపోయింది. 43 × 3 = 129, సరిపోతుంది. పైన 3 రాస్తాం. 147 − 129 = 18. ఇప్పటికి 230 × 230 చదరం తయారైంది.

మూడో మెట్టు. 56 దించితే 1856. ఇప్పుడు చదరం భుజం 230, పట్టీలు రెండూ కలిపి 460. పైనున్న 23 ని రెట్టింపు చేసి 46_ అని రాస్తాం. 464 × 4 = 1856. శేషం సున్నా. √54756 = 234.

ఇందాక వర్గం చేసినప్పుడు వచ్చిన 1840, 16 గుర్తున్నాయా? వాటి మొత్తమే ఈ 1856. అక్కడ కలిపిన ముక్కలనే ఇక్కడ విడదీశాం.

ఈ ఆలోచన చాలా పాతది. ఆర్యభటుడు 499 లో రాసిన ఆర్యభటీయంలోని గణితపాదంలో వర్గమూలానికి ఒక శ్లోకం ఉంది. స్థానాలను వర్గ, అవర్గ అని ఒకటి విడిచి ఒకటి గుర్తించి, అవర్గ స్థానాన్ని వర్గమూలానికి రెట్టింపుతో భాగించమంటాడు. మన జతలూ మన రెట్టింపూ రెండూ అందులో ఉన్నాయి.

తడబడే చోటు ఒకటుంది, మధ్యలో సున్నా వచ్చినప్పుడు. √41616 చేయండి: 4 | 16 | 16. మొదటి అంకె 2, శేషం 0. 16 దించాం. రెట్టింపు 4_. 41 × 1 = 41, అదే 16 కంటే ఎక్కువ. అంటే పట్టీ వెడల్పు 0. పైన తప్పకుండా 0 రాయాలి, ఆ తర్వాతే 16 దించాలి: 1616. పైనున్న 20 కి రెట్టింపు 40_. 404 × 4 = 1616. జవాబు 204. సున్నా రాయడం మరిచిపోతే 24 అని రాసేస్తారు. మూడు గుంపులుంటే మూడు అంకెలు రావాలన్న లెక్క ఉంటే ఈ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

శేషం మిగిలితే

"4000 నుంచి ఎంత తీసేస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది? ఎంత కలిపితే అవుతుంది?" ఇలాంటి ప్రశ్నలకు శేషమే జవాబు. పద్ధతి ప్రకారం చేస్తే 63 వచ్చి 31 మిగులుతుంది. తీయాల్సింది 31. కలపాల్సింది తర్వాతి వర్గం నుంచి వస్తుంది: 64² = 4096, కాబట్టి 96. సరిచూసుకోవడానికి 31 + 96 = 127, ఇది 63 + 64 తో సమానం. పొర లెక్క సరిపోయింది.

మూలం దశాంశాల్లో కావాలంటే దశాంశ బిందువు తర్వాత సున్నాల జతలు చేర్చుకుంటూ అదే పని కొనసాగించాలి. √2 చూద్దాం: 2.00 00 00. మొదటి అంకె 1, శేషం 1. 100 కి 24 × 4 = 96, శేషం 4. 400 కి 281 × 1 = 281, శేషం 119. 11900 కి 2824 × 4 = 11296. ఇప్పటికి 1.414. ఇది ఎంత దూరం పోయినా ముగియదు, అంకెల వరుస ఒకే తీరులో మళ్లీ మళ్లీ తిరగదు. అందుకే √2 ని కరణీయ సంఖ్య అంటారు.

దశాంశాల్లో జతలు బిందువు దగ్గర మొదలవ్వాలి, ఎడమకు ఎడమ, కుడికి కుడి. √0.9 ని 0.3 అని రాసేవాళ్లు ఇక్కడే జారిపోతారు. 0.9 ని 0.90 గా జత చేయాలి. 90 కి మించని అతిపెద్ద వర్గం 81, కాబట్టి మొదటి అంకె 9. కొనసాగిస్తే 0.948… వస్తుంది. 0.3 వర్గం 0.09.

పూర్తి భాగహారం అక్కర్లేదు, దాదాపు విలువ చాలు అనుకుంటే బొమ్మనే అడగండి. √4000 కి 63 × 63 చదరం పేర్చాక 31 గళ్లు మిగిలాయి. వాటిని 63 పొడవున్న రెండు పట్టీలుగా సన్నగా పరిచితే వెడల్పు 31 ÷ 126, అంటే సుమారు 0.246. కాబట్టి √4000 సుమారు 63.246. అసలు విలువ 63.2455… మూల చదరాన్ని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి మన జవాబు రవ్వంత ఎక్కువ వచ్చింది.

సాధన

మొదటి వారం వర్గాలు మాత్రమే చేయండి, రోజుకు ఐదు, ప్రతిదీ రెండు దారుల్లో. ఉదాహరణకు 78² ని 80 − 2 గా ఒకసారి, 80 × 76 + 4 గా ఇంకోసారి. రెండూ 6084 రావాలి. ఆ తర్వాతే వర్గమూలాలకు వెళ్లండి. మొదటి నాలుగైదు లెక్కలకు పక్కన చదరం, పట్టీలు గీసి, వాటి మీద కొలతలు వేయండి. ఆపైన బొమ్మ మనసులోనే కనిపిస్తుంది.

చేసి చూడడానికి కొన్ని: √7569, √15129, √42025, √2.56. తర్వాత 5000 కి ఎంత కలిపితే పరిపూర్ణ వర్గం అవుతుందో కనుక్కోండి.

జవాబులు వరుసగా: 87, 123, 205, 1.6, 41.